శక్తికి ఓటేసి రమ్మన్నారు

నేను జీవితంలో గెలిచిన ఎన్నిక ఒక్కటే. అందులో నా మీద పోటీ చేసింది కూడా నేనే.

తొంభైల మొదట్లో సంగతి. ఊరూరా ఆడవాళ్లు సారా ప్యాకెట్లు రోడ్డు మీద పోసి తగలబెడుతున్న రోజులు. నేను అప్పుడు సూర్యాపేట డిపోలో బస్సు కండక్టర్ని. తాగుడు మానేసి కొన్నేళ్లయింది. ఎలా తాగానో, ఎలా మానానో ఇక్కడ చెప్పను. తాగినవాళ్లందరి కథా చివరికి ఒకేలా ఉంటుంది, వినేవాళ్లకు విసుగు. మానేశాక సాయంత్రాలు ఎంత పొడుగ్గా ఉంటాయో మాత్రం ఎవరూ ముందుగా చెప్పరు. దిక్కుతోచక తిరుగుతుంటే దవాఖానలో ఒకాయన మా సంఘం దారి చూపించాడు.

తాగుడు మానాలనుకునేవాళ్లు వారానికోసారి కలిసి కూర్చుని, పన్నెండు మెట్లున్న ఒక పద్ధతిని చదువుకుంటూ, ఎవరి గోడు వాళ్లు చెప్పుకునే సంఘం అది. ఎవరి పేరూ బయట చెప్పకూడదు. బయటే కాదు, లోపల కూడా మేం పేర్లతో పిలుచుకునేవాళ్లం కాదు. ఇంత రహస్యం సూర్యాపేటలో ఎంతవరకు నిలుస్తుందో ఆ ఊళ్లో బతికినవాళ్లకు తెలుసు. ఆదివారం పొద్దున ఒక ప్రైమరీ బడిలో కలిసేవాళ్లం. బడి ముందు ఆపిన సైకిళ్లు చూసి పాలు పోసే ఆయన కూడా, "ఇయ్యాల మీవోళ్లు తక్కువొచ్చిండ్రేంది సారూ, మల్ల మొదలువెట్టిండ్రా?" అని ఆరా తీసి పోయేవాడు.

బడిలో ఉన్నవి ఒకటో తరగతి పిల్లల బెంచీలు. వాటి మీద కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలేవి. అలా కూర్చున్న మనిషి గొప్పలు చెప్పుకోలేడు. మా మీటింగుల్లో అబద్ధాలు తక్కువగా ఉండేవంటే అందులో సగం పుణ్యం ఆ బెంచీలది.

మాలో పెద్దదిక్కు ఒక రిటైరైన కాంపౌండర్. నుదుట బొట్టు లేకుండా ఎప్పుడూ చూడలేదు. దేవుడి మీద ఎంత గురో నియమాల మీదా అంతే. ఆయనకు ఎదురు కామ్రేడ్. ఒకప్పుడు పార్టీ కోసం ఇల్లూ వాకిలీ వదిలి తిరిగిన మనిషి. పార్టీనీ మందునీ ఒకే ఏడాది వదిలేశాడట. మందు ఇప్పుడు యాదికి రాదనేవాడు. పార్టీ మాత్రం ప్రతి ఆదివారం వచ్చేది. కాంపౌండర్ సాబ్ ప్రార్థన మొదలుపెట్టగానే కామ్రేడ్ కిటికీ దగ్గరికి పోయి బయటికి చూస్తూ నిలబడేవాడు. ప్రార్థన అయిపోయిందని ఎవరైనా భుజం తట్టి చెబితే వచ్చి కూర్చునేవాడు.

జిల్లాలో మా లాంటి బృందాలు ఇంకా కొన్ని ఉండేవి. కోదాడలో ఒకటి, మిర్యాలగూడలో ఒకటి, నల్గొండలో ఇంకోటి, అట్లా. అన్ని బృందాల తరఫున ఒక్కొక్క డెలిగేట్ పోయి పెద్ద సభలో కూర్చోవాలి. అక్కడ ఓటు వేసి, జరిగింది వచ్చి చెప్పాలి. దానికి మనిషిని ఎన్నుకోవాలన్నారు. చేతులెత్తుదాం అంటే కామ్రేడ్ ఒప్పుకోలేదు, రహస్య ఓటింగే ఉండాలన్నాడు. పేర్లు రాయకూడదు కాబట్టి గుర్తుపట్టేటట్టు ఏదో ఒకటి రాసి చీటీలు బొట్టుబిళ్లల డబ్బాలో వేశాం. కాంపౌండర్ సాబ్ అద్దాలు తుడుచుకుని ఒక్కొక్కటే విప్పి చదివాడు.

"కండక్టర్. పాసున్నాయన. పాసున్నాయన. కండక్టర్…"

అన్నీ అయ్యాక డబ్బా బోర్లించి, "కండక్టర్, పాసున్నాయన బరాబర్ వచ్చిండ్రు. మల్ల ఓట్లు పెట్టాలె" అన్నాడు.

కామ్రేడ్ తల పట్టుకున్నాడు. "సాబ్, ఆ ఇద్దరు ఒక్కడే. కండక్టర్‌కు బస్సు పాసుంటది గద. అందుకే గద గీయనకు ఏసింది!"

"ఒక్కడైతె రెండు తీర్ల ఎట్ల నిలవడ్తడు? చీటీల ఏమున్నదో గదే నేను సూస్తా. మనిషిని సూసి లెక్కపెడితె అది ఎలక్షన్ ఎట్లయితది?"

మళ్లీ ఓటింగు పెట్టారు. ఈసారి అందరూ కండక్టర్ అనే రాశారు. నేనొక్కడినే కాంపౌండర్ అని రాశాను. ఆయన ఆ చీటీ చదివి, మురిసిపోయి, "ఎవరోగాని మంచిగ ఆలోచించిండు" అన్నాడు. అట్లా నన్ను నేను ఓడించి గెలిచాను. నా తెలివి చూసో, నడవడి చూసో ఎన్నుకోలేదని తెలుసు. ఊరూరూ తిరగడానికి నాకు టికెట్టు అక్కర్లేదు, అదీ నా అర్హత. అయినా ఇంటికి పోతుంటే నడకలో ఏదో తేడా వచ్చింది.

"గెలిచిన" అన్నాను మా ఆవిడతో.

"ఏం గెలిచినవ్?"

"డెలిగేట్ నయిన."

"జీతముంటదా?"

"ఉండదు."

"మరి గెలుసుడెందుకు?" అంటూ పొయ్యి దగ్గరికి పోయింది. అక్కడితో ఆగినా బాగుండేది. మర్నాడు నల్లా దగ్గర నీళ్లు పట్టుకుంటూ, మా ఆయన డెలిగేటయిండని నలుగురికి చెప్పింది. దేనికి డెలిగేటో చెప్పకూడదని ఆమెకు తెలుసు. అందుకని చెప్పలేదు. దాంతో వాడంతా తలా ఒకటి ఊహించుకుంది.

నాలుగు రోజులకు మా ఇంటి వెనక ఉండే పెద్దాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఎప్పుడూ బనీనుతో గోడ మీది నుంచే మాట్లాడే మనిషి.

"ఏ పార్టీ నుంచి?" అన్నాడు చిన్నగా.

"పార్టీ కాదు పెద్దయ్యా."

"ఇండిపెండెంటా! ఇప్పుడు వాళ్లదే నడుస్తున్నది. సరె గాని, మా బామ్మర్ది గ్యాస్ కనెక్షన్ కోసం ఏండ్ల సంది తిరుగుతున్నడు. జర ఒక మాట చెప్పు."

నాతో కాదని, అది వేరే డెలిగేట్ అని ఎంత చెప్పినా వినలేదు. వేరే అంటే ఏదని అడిగాడు. అది చెప్పకూడదన్నాను. ఆయన లేచి చెప్పులేసుకుంటూ, "గెలిచి వారం గాలె, అప్పుడే మాట మారింది" అని మా ఆవిడకు వినపడేలా అని పోయాడు. ఆ తర్వాత చాన్నాళ్లు ఆ గోడ మీద ఆయన తల కనపడలేదు.

ఇక అసలు సంగతి. మా పన్నెండు మెట్ల చిన్న పుస్తకాన్ని తెలుగులో మళ్లీ అచ్చు వేయించాలని పెద్ద సభవాళ్లు అనుకున్నారు. రెండో మెట్టు దగ్గర చిక్కొచ్చింది. మన బతుకును మనమే బాగుచేసుకోలేం, మనకంటే పెద్దది ఒకటి ఉంది, అదే బాగుచేస్తుందని నమ్మడం ఆ మెట్టు. ఆ పెద్దదాన్ని ఏమనాలి? దేవుడు అనాలా, శక్తి అనాలా? ప్రతి బృందం మాట్లాడుకుని డెలిగేట్‌ను మిర్యాలగూడ సభకు పంపాలని కబురు.

ఆ ఆదివారం మా బడి గది అసెంబ్లీ అయింది.

"దేవుడని రాస్తె నేను రెండో మెట్టు కాడనే కూసుంట. మూడోది ఎక్క" అన్నాడు కామ్రేడ్.

"నువ్వెక్కకపోతె మెట్లకు వచ్చిన నష్టమేంది?" అన్నాడు కాంపౌండర్ సాబ్.

మా బృందంలో స్కూటర్ల మెకానిక్ ఒకాయన ఉండేవాడు, ముస్లిం. నెమ్మదస్తుడు. "నాకు ఖుదా అంటె దిల్‌కు మంచిగుంటది. మీరు దేవుడని రాసినా ఫికర్ లేదు, నేను లోపల మార్చుకుంట. శక్తి అని రాసినా మార్చుకుంట. జర జల్దీ తేల్చుండ్రి, దుకాణం తెరవాలె" అన్నాడు.

మరి మధ్యేమార్గంగా 'పైవాడు' అంటే పోలేదా అని ఇంకొకాయన అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మా డిపోలో పైవాడంటే మేనేజరు. నా బతుకు ఆయన చేతిలో ఇప్పటికే సగం ఉంది, మిగతా సగం కూడా ఇవ్వలేనన్నాను.

ఎండ నెత్తికెక్కేదాకా వాదులాడి, చివరికి మెజారిటీతో 'శక్తి' అని తీర్మానించారు. కాంపౌండర్ సాబ్ ఓడిపోయి, ఓడిన తీర్మానాన్ని తనే గంభీరంగా చదివి వినిపించాడు. కామ్రేడ్ నన్ను గుమ్మం దగ్గర ఆపాడు. "ఒట్లు నేను నమ్మ. చెయ్యి పట్టుకొని మాటియ్యి. ఏది ఏమైనా శక్తికే ఏస్తవా?"

"శక్తికే ఏస్తా" అన్నాను. గట్టిగానే అన్నాను. అప్పుడు నా మనసులో ఉన్నదీ అదే.

సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు తిన్నగా బస్సుంది. కాని నేను కోదాడ మీదుగా చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చింది. కోదాడ డెలిగేట్ అంతకుముందే నా బస్సెక్కి, ఒక సాయం కావాలని అడిగాడు. ఆయనది అక్కడ ఎరువుల దుకాణం. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, మాటకు ముందు 'అండి', మాట తర్వాత 'అండి'. తాగుడు మాని ఇంకా ఏడాది కాలేదు.

"హుజూర్‌నగర్‌లో బస్సు ఆగుద్దండి. ఆగిన చోటే నా పాత స్నేహితులుంటారండి. వాళ్లు మంచోళ్లేనండి, అదే నా భయం. మీరు పక్కనుంటే దాటేస్తానండి" అన్నాడు.

అట్లా ఇద్దరం కోదాడలో మిర్యాలగూడ బస్సెక్కాం. ఆయన బృందం ఆయనకు 'దేవుడు' అని గట్టిగా చెప్పి పంపింది. దారంతా వాదించుకున్నాం. హుజూర్‌నగర్‌లో బస్సు ఆగేసరికి ఆయన వాదన ఆపి నా చెయ్యి పట్టుకున్నాడు. కిటికీలోంచి ఎవరో "ఏమయ్యో, కనపడటమే మానేశావ్!" అని కేకేశారు. ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు. నేను చాయ్ తాగడానికి దిగితే నాతో దిగాడు. మూత్రానికి పోతే అక్కడికీ వచ్చాడు. చెయ్యి మాత్రం వదల్లేదు.

ఆ బస్సు కండక్టర్ నాకు తెలిసినవాడే. మేమిద్దరం చేతులు పట్టుకుని తిరగడం చూసి టికెట్లు కొట్టడం మానేసి వచ్చాడు.

"ఏంది అన్నా, ఎక్కడికి పోతున్నరు ఇద్దరు?"

"పెండ్లికి" అన్నాను నేను.

"పరామర్శకండి" అన్నాడు కోదాడ ఆయన అదే క్షణంలో.

కండక్టర్ నన్ను చూశాడు, ఆయన్ను చూశాడు, పట్టుకున్న చేతుల్ని చూశాడు. "ఎవలకేమైంది మరి?"

"పెండ్లికొడుకు తాతండి" అన్నాడు కోదాడ ఆయన. సంఘంలో చేరాక అబద్ధమాడటం అదే మొదటిసారట. కండక్టర్ పాపం నిజంగానే బాధపడి, ముందు సీట్లో ఉన్నవాళ్లను లేపి మమ్మల్ని అక్కడ కూర్చోబెట్టాడు.

మిర్యాలగూడలో సభ ఒక రైసు మిల్లు గోడౌన్‌లో. మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసే ఆయన అక్కడి బృందంలో ఉండేవాడు. సేటును బతిమాలి ఆదివారానికి గోడౌన్ ఇప్పించాడు. ఒక పక్క కప్పు దాకా బియ్యం బస్తాలు. మిగిలిన చోట మేం. ఊక దుమ్ముకు అందరికీ తుమ్ములు. నల్గొండ నుంచి వచ్చిన లెక్కల మాస్టారు సభకు అధ్యక్షుడు. ఆయన "మిత్రులారా" అని మొదలుపెట్టి తుమ్మాడు. మళ్లీ "మిత్రులారా" అని మళ్లీ తుమ్మాడు. ముందుకు సాగేసరికి చాయ్ వచ్చింది.

వాదన అక్కడా మా బడిలో జరిగినట్టే జరిగింది, మనుషులు మారారంతే. దేవుడి పక్షం లేచి మాట్లాడటం, శక్తి పక్షం లేచి ఖండించడం. నేనూ లేచి, మా బృందం చెప్పమన్నది చెప్పాను. కోదాడ ఆయన లేచి తన బృందం మాట చెప్పాడు. ఇక ఓటింగు పెడదామని మాస్టారు అంటుండగా బయట గోల వినపడింది.

ఇనుప తలుపు దడదడ మోగింది. "తెరువుండ్రి! లోపట ఏం జేస్తున్నరో మాకెరకే!"

మూడు ఊళ్ల తాగుబోతులు మిల్లులో జమయ్యారని ఎవరో చెప్పారట. బాయిలర్ ఆయన వాళ్ల పక్కింటామెతో, తాగుబోతుల మీటింగుందని గొప్పగా చెప్పుకున్నాడని తర్వాత తెలిసింది. తలుపు తీసేసరికి ఎదురుగా ఇరవై మంది దాకా ఆడవాళ్లు. చేతుల్లో చీపుర్లు. ఒకామె కొంగులో కారప్పొడి మూట. అందరికన్నా ముందు నడుముకు కొంగు బిగించిన ఒకామె, మిల్లులో బియ్యం చెరిగే పనామె, నిలబడి ఉంది.

"ప్యాకెట్లు ఏడ దాసిండ్రు?"

మాస్టారు ముందుకు వచ్చి, "సోదరీమణులారా, మీరు పొరబడుతున్నారు. మేము మద్యపానాన్ని పరిత్యజించిన…" అంటుండగా ఆమె చీపురు కొంచెం పైకెత్తింది. మాస్టారు వెనక్కి వచ్చాడు.

"అమ్మా, నేను నిన్న కూడా తాగలేదండి" అన్నాడు కోదాడ ఆయన.

"మొన్న?"

"మొన్న కూడా లేదండి. పోయిన సంక్రాంతి నుంచి లేదండి."

"మరి తాగుబోతుల మీటింగుల నీకేం పని?"

ఆయన నా వైపు చూశాడు. నేను, "మేం తాగుబోతులమే అమ్మా. కాని తాగం" అన్నాను. నిజానికి మా సిద్ధాంతం మొత్తం అదే. ఆమెకు మాత్రం నేను బాగా తాగి మాట్లాడుతున్నట్టు అనిపించింది.

"వరసగా నిలవడుండ్రి. నోళ్లు తెరువుండ్రి" అంది.

నిలబడ్డాం. జిల్లా నలుమూలల నుంచి ఓట్లతో గెలిచి వచ్చిన డెలిగేట్లం, బియ్యం బస్తాల ముందు బారుగా నిలబడి నోళ్లు తెరిచాం. ఆమె ఒక్కొక్కరి ముందు ఆగి వాసన చూస్తూ నడిచింది. వెనకాలే కారప్పొడి ఆమె.

"ఊదు. చాయ్. నువ్వు ఊదు. చాయ్. బీడీ. నువ్వు… ఉల్లిగడ్డ, ఛీ. చాయ్. నీదేంది, పాన్." మాస్టారి ముందు కొంచెం ఎక్కువసేపు ఆగింది. "నీ నోట్ల ఏ వాసన లేదేంది? ఉపాసమా?"

"శనివారం, ఆదివారం ఉంటానమ్మా" అన్నాడు మాస్టారు.

వరస చివరికి వచ్చేసరికి ఆమె ముఖంలో కోపం పోయి అనుమానం మిగిలింది. మేం ఏం చేస్తామో అప్పుడు నిలబడి విన్నది. నేనే చెప్పాను, మామూలు మాటల్లో. విని, ఎత్తిన చీపురు దించింది.

"మీరు మానిపిస్తరా?"

"మేం మానిపియ్యం అమ్మా. మానుకుంటనన్నోనికి తోడుంటం."

"ఎవలూ కదలొద్దు. ఈడనే ఉండుండ్రి" అని ఆమె గిరుక్కున తిరిగి పోయింది. చీపుర్ల పటాలం తలుపు దగ్గరే కాపలా నిలబడింది. ఓటింగు పెడదామా అని మాస్టారు అడిగితే, అక్కడి ఒకామె, "కదలొద్దన్నది గద" అంది. చేతులెత్తడం కూడా కదలడమే అవుతుందేమోనని మాస్టారు ఊరుకున్నాడు. అందరం ఉన్నచోటే మెల్లగా కూలబడ్డాం.

కొద్దిసేపటికి ఆమె మొగుణ్ణి తీసుకొచ్చింది. తీసుకొచ్చింది అంటే ఒక భుజం తను పట్టుకుంది, ఇంకో భుజం వాళ్ల ఆడబిడ్డ పట్టుకుంది. లారీల దగ్గర హమాలీ అట. మంచి దిట్టమైన మనిషి. చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. వరసగా కూర్చున్న మమ్మల్ని చూసి రెండు చేతులూ జోడించి, "పంచాయితా? తప్పు నాదే. కానియ్యుండ్రి" అన్నాడు.

"గీయనకు చెప్పుండ్రి" అని ఆమె ఆయన్ను మా మధ్య కూలేసి, తలుపు దగ్గరికి పోయి నిలబడింది.

ఇన్ని గంటలుగా మాట గురించి మాట్లాడుకుంటున్నాం. ఇప్పుడు మనిషి వచ్చాడు. మాస్టారు మా ఇద్దరి వైపు చూశాడు, మేం దగ్గర్లో కూర్చున్నాం కనుక. కోదాడ ఆయన జరిగి హమాలీ పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకున్నాడు. హుజూర్‌నగర్‌లో నా చెయ్యి పట్టుకున్నట్టే.

"మన వల్ల కాదండి. నా వల్ల కూడా కాలేదు. దేవుడున్నాడండి, ఆయన మీద భారం వేయండి."

హమాలీ కళ్లలో నీళ్లు తిరిగాయి. "దేవుడు నాతోని మాట్లాడడన్నా. మొక్కు తీర్చుటానికి దాసిన పైసలు తాగిన. గుడి ముంగట్నుంచి పోవాలంటె సుట్టు తిరిగి పోతున్న. ఆయన పేరెత్తకు."

కోదాడ ఆయన పట్టుకున్న చెయ్యి వదలకుండానే నా వైపు చూశాడు. నా వంతు వచ్చింది కదా అని నేను ధైర్యంగా అందుకున్నాను.

"దేవుడు కాకపోయినా సరే. మనకంటె పెద్ద శక్తి ఒకటి ఉంటది. దాన్ని నమ్ము."

"శక్తంటె? కరెంటా?"

"కరెంటు కాదు…"

"కరెంటును నమ్మొద్దన్నా. మిల్లుల నిన్న మూడుసార్లు వోయింది."

గోడౌన్‌లో నవ్వు ఆపుకోలేక సగం మంది తుమ్మినట్టు నటించారు. శక్తి అంటే ఏమిటో చెప్పాలని చూశాను. ఎంత చెప్పినా ఆయన ముఖంలో వెలుగు రాలేదు. చెబుతున్న కొద్దీ నాకే చల్లారింది. బడి బెంచీ మీద అంత బాగా వినపడిన మాట ఇక్కడ డొల్లగా మోగింది. చివరికి విసిగి, "నీకంటె పెద్దది, నీతోని కానిది చెయ్యగలిగేది, లోకంల ఏదన్న ఒకటి ఉందని నమ్ముతవా లేదా?" అన్నాను.

హమాలీ మెల్లగా తల తిప్పి తలుపు వైపు చూశాడు. అక్కడ భార్య చీపురు చంకలో పెట్టుకుని ఆయన్నే చూస్తోంది.

"నమ్ముత" అన్నాడు వెంటనే.

మాస్టారు ఇదే అదనుగా ఓటింగు ప్రకటించాడు. అప్పుడు నా తలలో ఏముందో ఉన్నది ఉన్నట్టు చెబుతాను. కామ్రేడ్‌కు ఇచ్చిన మాట గుర్తుంది. కాని కళ్ల ముందు ఉన్నది మాత్రం ఆ మనిషే. దేవుడనగానే ఆయనకు ఏడుపొచ్చింది. శక్తి అనగానే కరెంటు గుర్తొచ్చింది. ఏడుపు రావడం మేలనిపించింది నాకు. అలిగినా, భయపడినా, ఆ పేరుతో ఆయనకు ఒక సంబంధం ఉంది. నా మాటతో ఏమీ లేదు.

"దేవుడు అనే పదానికి అనుకూలురు" అన్నాడు మాస్టారు.

నా చెయ్యి లేచింది. నేనే నమ్మలేకపోయాను. హమాలీ కూడా చెయ్యెత్తాడు. పక్కకు చూస్తే కోదాడ ఆయన చేతులు ఒళ్లోనే ఉన్నాయి, తల దించుకుని ఉన్నాడు.

"శక్తి అనే పదానికి అనుకూలురు."

కోదాడ ఆయన చెయ్యి మెల్లగా, ఎవరో వెనక నుంచి లాగుతున్నట్టు, పైకి లేచింది. హమాలీ దీనికీ రెండు చేతులూ ఎత్తాడు. మాస్టారు లెక్కపెడుతూ, "మీ ఓటు చెల్లదండి" అన్నాడు ఆయనతో.

"నాది ఏడ చెల్లింది గనక" అన్నాడు హమాలీ, చేతులు దించకుండానే.

లెక్క తేలింది. రెండు పక్షాలూ సరిసమానం. మేమిద్దరం పాత మాట మీద ఉండి ఉన్నా సరిగ్గా ఇంతే వచ్చేది. నా ద్రోహాన్ని ఆయన ద్రోహం కొట్టేసింది. నిర్ణయం వచ్చే సభకు వాయిదా పడింది.

తిరుగు బస్సు హుజూర్‌నగర్ దగ్గరపడుతుండగా ఆయనే అన్నాడు.

"గుడి ముందు నుంచి పోలేనన్నాడు చూశారాండి. నేను దేవుడని రాయిస్తే అతను పుస్తకం ముట్టడండి. అందుకని…"

నేను నా సంగతి చెప్పాను. ఆయన నోరు తెరుచుకుని విన్నాడు. తర్వాత ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఆగలేదు. ఆ రోజు పొద్దుటి కండక్టరే ఉన్నాడు బస్సులో. పరామర్శకు పోయి ఇంత నవ్వుకుంటూ వస్తున్న మనుషుల్ని అతనెప్పుడూ చూసి ఉండడు. ఈసారి ముందు సీటు ఇవ్వలేదు.

"మీవాళ్లకు ఏం చెప్తారండి?" అని అడిగాడు కోదాడ ఆయన.

"మీరేం చెప్తరు?"

"నిజమే చెప్పాలటండి. మన మెట్లలో రాసుందండి."

"రాసినోళ్లకేం, రాస్తరు" అన్నాను.

ఆదివారం వచ్చింది. చిన్న బెంచీ మీద మోకాళ్లు పట్టుకుని కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పాను. నోళ్లు తెరిచి నిలబడ్డ దగ్గర అందరూ పడి పడి నవ్వారు. కామ్రేడ్ కూడా నవ్వాడు. ఓటు దగ్గరికి వచ్చేసరికి లేచి నిలబడ్డాడు.

"నువ్వు డెలిగేటువా, బస్సువా? ఎవడు చెయ్యెత్తితె వాని కాడ ఆగుతవా?"

అంతలో కాంపౌండర్ సాబ్ గొంతు సవరించుకున్నాడు. డెలిగేట్ అంటే సంచీ మోసేవాడు కాదని, విని, ఆలోచించి, తన అంతరాత్మకు తోచినట్టు ఓటేయవచ్చని సంఘం నియమాల్లో ఉందన్నాడు. ఉన్నమాట నిజమే.

"గీ నియమం మీకు మొన్న యాదికి లేకపాయె?" అన్నాడు కామ్రేడ్.

"మొన్న అవసరం రాలె" అన్నాడు కాంపౌండర్ సాబ్ తృప్తిగా.

ఆ తర్వాత కొన్ని వారాలు కామ్రేడ్ నాతో మాట్లాడలేదు. నా బస్సెక్కినా చిల్లర చాచి, కిటికీ వైపు చూస్తూ "కోదాడ" అనేవాడు, అంతే. నిజానికి నాకు బాధగానే ఉండేది. తాగుడు మానిన కొత్తలో రోజూ సాయంత్రం మా ఇంటి ముందు సైకిల్ బెల్లు కొట్టి, నేను ఇంట్లోనే ఉన్నానని చూసుకుని పోయింది ఆయనే. ఒకనాడు దారి మధ్యలో టైరు పంచరై బస్సాగింది. అందరం చింతచెట్టు కింద నిలబడ్డాం. ఆయన నా పక్కకు వచ్చి, రోడ్డు వైపు చూస్తూ, "ఆ హమాలీ ఎట్లున్నడు?" అన్నాడు.

"వస్తున్నడట. వాళ్లామె తోలుకొస్తదట. నడుమ రెండుసార్లు జారిండట, మల్ల వచ్చిండట."

"వస్తున్నడు గద" అన్నాడు. ఆ రోజు నుంచి మాటలు కలిశాయి.

కోదాడ ఆయన తిప్పలు వేరు. ఆయన బృందం కూడా నియమం చదివి క్షమించింది గాని, చాయ్ పెట్టే బాధ్యత ఏడాది పాటు ఆయనకే అప్పగించింది. ఎరువుల దుకాణం ఆయన చేతి చాయ్ ఎలా ఉంటుందో తాగినవాళ్లే చెప్పాలి. నేను తాగాను, చెప్పను.

తర్వాతి సభ కోదాడలో జరిగింది. మాతో పాటు కామ్రేడ్ కూడా వచ్చాడు, ఓటు లేకపోయినా సరే చూస్తానని. చూస్తానన్న మనిషి లేచి, అధ్యక్షుడు గడియారం చూపించినా ఆగకుండా, ప్రజలే శక్తి అని మాట్లాడాడు. ఆయన్ను కూర్చోబెట్టడానికే ఓటేశారో, నిజంగా ఒప్పుకునే వేశారో తెలియదు గాని, 'శక్తి' నెగ్గింది. దాన్ని ఎవరికి తోచిన రూపంలో వాళ్లు తలుచుకోవచ్చని పక్కన ఒక వాక్యం కూడా చేర్చారు. సాబ్ ఆ వాక్యం చూసుకుని సర్దుకున్నాడు.

పుస్తకాలు అచ్చయి కట్టలుగా వచ్చాయి. విప్పి చూస్తే రెండో మెట్టులో 'మనకన్నా గొప్ప భక్తి' అని పడింది.

సాబ్ అద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చదివాడు. "కంపోజింగ్ అతని తప్పు గాదు ఇది. చెయ్యి అతనిదే గాని, దిద్దింది ఎవలో నాకు తెలుసు" అన్నాడు పైకి చూస్తూ. కామ్రేడ్ ఎర్ర సిరా పెన్ను తెచ్చుకుని, పిల్లల బెంచీ మీద వంగి కూర్చుని, ఒక్కో పుస్తకంలో ఆ అక్షరం దిద్దడం మొదలుపెట్టాడు. ఆయన దిద్దినవి ఒక పక్క పెడుతుంటే, దిద్దని వాటిలోంచి కొన్ని సాబ్ చేతిసంచిలోకి పోవడం నేను చూశాను. చూడనట్టు ఊరుకున్నాను.

మిర్యాలగూడకు పంచే కట్ట నేనూ కోదాడ ఆయనా తీసుకుపోయాం. మిల్లు గోడౌన్‌లో హమాలీ ముందు వరసలో కూర్చున్నాడు. చొక్కా గుండీలు సరిగ్గా ఉన్నాయి. బుగ్గలు కొంచెం పూడాయి. పుస్తకం చేతికిస్తే అటూ ఇటూ తిప్పి, బొమ్మలున్నాయేమో చూసి, తిరిగి ఇచ్చేశాడు.

"నాకు సదువు రాదన్నా. మీరే సదివి ఇనిపియ్యుండ్రి."

నెలల తరబడి ఈ మాట కోసమే కదా కొట్టుకున్నాం అని నేను బస్తాల వైపు చూస్తూ నిలబడ్డాను. కోదాడ ఆయన పుస్తకం తెరిచి మొదటి మెట్టు చదివాడు. రెండో మెట్టు మొదలుపెట్టి, "మనకన్నా గొప్ప…" అని ఆగిపోయాడు. సాబ్ పుణ్యమా అని, కట్టలోంచి పైకి తీసింది దిద్దని పుస్తకం.

"సదువు అన్నా, ఆగినవేంది?" అన్నాడు హమాలీ.

కోదాడ ఆయన నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. ఆయన పుస్తకం మూసి, బస్తా మీద పెట్టి, హమాలీ పక్కకు జరిగి కూర్చున్నాడు.

"మిగతాది నోటితో చెప్తానండి" అన్నాడు. హుజూర్‌నగర్‌లో తన పాత స్నేహితుల దగ్గర మొదలుపెట్టి, తన కథ చెప్పసాగాడు. మేమంతా విన్నాం.